‘రెండు గంటలకు మ్యూజియం దండగ’ అనే మాట ఎందుకు తప్పు

పిల్లల దగ్గరికని విదేశాలకు పోయొచ్చే కర్నూలు, అనంతపురం, కడప తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. “పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఒక్కో వస్తువు ముందు 30 సెకన్లు నిలబడినా అంతా చూడ్డానికి 100 రోజులు కావాలి. రెండు మూడు గంటలే ఉన్నవాళ్లకు టికెట్టు దండగ. మోనాలిసాతో సెల్ఫీ దిగి బయటపడండి, మిగతావి ఫోన్లో చూసుకోవచ్చు. ఎలాగూ అక్కడి మ్యూజియాల్లో మనవేమీ ఉండవు” అని దాని సారాంశం. ఇందులో ఒక్క మాటా నిలవదు.

ముందు లెక్క. లూవ్ర్‌లో ప్రదర్శనకు పెట్టినవి దాదాపు 35,000. ఒక్కోదానికి అర నిమిషమంటే 17,500 నిమిషాలు, అంటే 292 గంటలు. రోజుకు తొమ్మిది గంటల చొప్పున 33 రోజులు. నూరు ఎక్కడిదో తెలియదు. అసలు అన్నీ చూడాలన్న షరతు ఎవరు పెట్టారు? లేపాక్షికి పోయినవాళ్లు స్తంభాలన్నీ లెక్కపెట్టరు. నాట్యమంటపం పైకప్పు బొమ్మల కింద తలెత్తి నిలబడతారు, నందిని చూసి వస్తారు. చూడలేదని వాళ్లనెవరూ అనరు.

“టికెట్టు దండగ” అయ్యేది సమయం చాలక కాదు, ఏర్పాటు లేక. లూవ్ర్‌కు మంగళవారం సెలవు. బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. ఆ రోజుల్లో సాయంత్రం 5:30 ప్రాంతంలో టైము రాసిన టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. పగటి టూరు గుంపులు అప్పటికి చాలావరకు వెళ్లిపోతాయి. మూసే వేళకు అరగంట ముందే గదులు ఖాళీ చేయిస్తారు కాబట్టి 8:30నే ఆఖరు అనుకోవాలి. 55×35×20 సెంటీమీటర్లు దాటిన సంచిని లోపలికి రానివ్వరు. విమానం దిగి సూట్‌కేసుతో నేరుగా వచ్చినవాళ్ల సాయంత్రం గేటు దగ్గరే చెడిపోయేది ఇందుకే.

లోపల దెనోన్ విభాగం వైపు తిరగండి. దారూ మెట్ల పైన రెక్కల విజయదేవత విగ్రహం, తర్వాత 711వ గదిలో లియొనార్డో డావించీ గీసిన మోనాలిసా, అక్కణ్ణుంచి గ్రాండ్ గ్యాలరీ. అదే లియొనార్డో గీసిన ‘వర్జిన్ ఆఫ్ ద రాక్స్’ ఆ గ్యాలరీలోనే ఉంది, దాని ముందు తోపులాట ఉండదు. గంట దాటాక కళ్లు అలిసిపోతాయి, ఏది చూసినా ఒకేలా అనిపిస్తుంది. పది నిమిషాలు బెంచీ మీద కూర్చోండి. రెండున్నర గంటల్లో ఏడెనిమిది బొమ్మలు నింపాదిగా చూడొచ్చు. అది తక్కువేం కాదు.

ఫోన్లో చూస్తే చాలన్న మాటకు 711వ గదే జవాబు. మోనాలిసా 77×53 సెంటీమీటర్లు. దానికి ఎదురుగోడ మీద వెరొనీస్ గీసిన ‘కానా పెళ్లి’ ఎత్తు 6.77 మీటర్లు, వెడల్పు 9.94 మీటర్లు. ఫోన్ తెరమీద రెండూ అరచేతిలో ఇమిడిపోతాయి. సెల్ఫీ కోసం మోనాలిసాకు వీపు పెట్టినవాళ్లు కూడా ఫోన్ వంకే చూస్తుంటారు గానీ ఎదురుగా ఉన్న ఆ గోడను చూడరు. అది మాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక “మనవేమీ ఉండవు” అన్నది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ గది నిండా అమరావతి స్తూపం శిల్పాలే. వాటిలో ఒక పలకను రెండు కాలాల్లో చెక్కారు. ముందు ఒకవైపు బోధివృక్షాన్ని కొలిచే భక్తులను, కొన్ని శతాబ్దాల తర్వాత అదే పలకను తిప్పి రెండోవైపు స్తూపాన్ని. రాయి సున్నపురాయి. బేతంచెర్ల నాపరాళ్ల మీద నడిచి పెరిగినవాళ్లకు ఆ జాతి రాయి కొత్త కాదు. ప్రవేశం ఉచితం, శుక్రవారం రాత్రి 8:30 దాకా తెరిచి ఉంటుంది. మాంటెగ్యూ ప్లేస్ వైపు వెనక ద్వారం నుంచి వెళితే ఈ గది దగ్గర. చక్రాల పెట్టెలను లోపలికి రానివ్వరు, వాటిని కింగ్స్ క్రాస్ స్టేషన్‌లోని లగేజీ గదిలో పెట్టి రండి. ఆ రోజు ఏ గదులు మూశారో మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే బయల్దేరండి.