షుగర్ టెస్టుకు చిక్కని గ్రీన్‌లాండ్

పరగడుపున రక్తం తీసి చూస్తే షుగర్ మామూలే. అదే మనిషికి గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటలాగి చూస్తే అంకె ఎక్కడికో వెళ్లిపోతుంది. గ్రీన్‌లాండ్‌లో కొందరికి ఇలా ఎందుకవుతుందో 2014లో తేలింది. ఇన్సులిన్ రాగానే కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ను తీసుకోవడానికి సాయపడే జన్యువు ఒకటుంది. పేరు టీబీసీ1డీ4. అందులో వచ్చిన ఒక మార్పు వల్ల ఆ పని సరిగా సాగదు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఆ మార్పు వచ్చినవారికి టైప్-2 డయాబెటిస్ ముప్పు దాదాపు 10 రెట్లు. అక్కడ 100 మందిలో దాదాపు నలుగురు అలాంటివారే.

ఇలాంటి వార్త రాగానే 'మంచులో ఒంటరిగా బతికిన జాతి' అని హెడ్డింగ్ పెట్టేస్తాం. అందులో నిజం సగమే. 57 వేలలోపు జనాభా ఉన్న ఈ దీవిలో 4,674 మంది డీఎన్‌ఏ పరిశీలించి 2015లో ఒక అధ్యయనం వెలువడింది. అయిదుగురిలో నలుగురికి పైగా ఎంతో కొంత యూరప్ మూలం ఉంది. మొత్తం జనం డీఎన్‌ఏలో యూరప్ వాటా దాదాపు నాలుగో వంతు. తల్లి నుంచి మాత్రమే వచ్చే డీఎన్‌ఏ దాదాపు అంతా అక్కడి ఆదివాసులైన ఇన్యూట్‌లదే. తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే వై క్రోమోజోముల్లో మాత్రం సగం దాకా యూరప్‌వి. తిమింగలాల వేటకు వచ్చిన ఓడలూ, 1721 తర్వాత డెన్మార్క్ వలస పాలనతో దిగిన వ్యాపారులూ ఈ లెక్కలో ఉన్నారు. వచ్చింది మగవాళ్లని చెప్పడానికి చరిత్ర పుస్తకం కూడా అక్కర్లేదు. ఉత్తరాన ఖానాక్, తూర్పున తసీలాక్ వైపు వెళ్తే ఈ కలయిక బాగా తగ్గుతుంది. 'గ్రీన్‌లాండ్ జన్యువు' అని ఒక్క మాటలో చెప్పేయడం అందుకే కుదరదు.

అసలు ఆ నేల మీద మొదట అడుగుపెట్టింది నేటి ఇన్యూట్‌ల పూర్వీకులు కారు. మంచులో నిలిచిపోయిన దాదాపు 4 వేల ఏళ్ల నాటి వెంట్రుకల కుచ్చు నుంచి 2010లో ఒక మనిషి జన్యుక్రమం మొత్తం చదివారు. అతనికి దగ్గరి చుట్టాలు సైబీరియాలోని చుక్చీలు వంటివాళ్లు. ఆ జనం కనుమరుగయ్యారు. ఇప్పటివారి పూర్వీకులు అలాస్కా వైపు నుంచి గడిచిన వెయ్యేళ్లలోపే వచ్చారు, అదీ కొద్దిమందే. కొద్దిమందితో మొదలైన జనంలో ఒక్కరి దగ్గరున్న మార్పు తరాలు గడిచేసరికి వేలమందికి చేరుతుంది.

ఇలా జరగడానికి మంచు ప్రదేశమే కావాలని లేదు. మన ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు ప్రభావం తొందరగా దిగదు. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ లోపం వాళ్లలో ఎక్కువని మత్తు డాక్టర్లకు తెలుసు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 అధ్యయనం కూడా ఈ ఉదాహరణే తీసుకుంది. అక్కడ మంచూ దూరమూ చేసిన పని ఇక్కడ తమలో తామే కలుపుకునే పెళ్లి సంబంధాలు చేశాయి.

ఆర్కిటిక్ జనం పరిశోధనలకు ఇప్పటికే చాలా ఇచ్చారు. అడగకుండా తీసుకున్నదీ ఉంది. 1897లో అమెరికా అన్వేషకుడు రాబర్ట్ పియరీ గ్రీన్‌లాండ్ నుంచి ఆరుగురు ఇన్యూట్‌లను న్యూయార్క్ తీసుకెళ్లాడు. కిసుక్ అనే ఆయన అక్కడే చనిపోతే, కొడుకు మినిక్ కళ్లముందు ఉత్తుత్తి ఖననం జరిపి, ఎముకలు మ్యూజియంలో ఉంచేశారు. ఆ ఎముకలు సొంతూరి వైపు తిరిగి వెళ్లింది 1993లో. మళ్లీ ఎవరైనా రక్తం అడిగితే 'మాకేంటి?' అనడంలో తప్పేముంది?

జవాబు ఆస్పత్రిలో కనబడాలి. కెనడా, అలాస్కా ఇన్యూట్‌లలో ఈ టీబీసీ1డీ4 మార్పు ఉండి, షుగర్ ఉన్నవారిలోనూ రాబోతున్నవారిలోనూ దాదాపు మూడోవంతు మంది, గ్లూకోజ్ తాగించే పరీక్ష లేకపోతే బయటపడరని 2016లో తేలింది. పరగడుపు టెస్టు, మూడు నెలల సగటు టెస్టు వేరే జనాల మీద తయారైన కొలతలు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డే లేని గ్రీన్‌లాండ్‌లో ప్రతి ఒక్కరినీ రెండు గంటలు కూర్చోబెట్టి పరీక్షించడం కష్టమే. జన్యు పరీక్షయితే జీవితంలో ఒక్కసారి చాలు. ఆ తర్వాత ఎవరిని కూర్చోబెట్టాలో తెలిసిపోతుంది.