బావగారి ఎంబీబీఎస్

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వారికి హన్మకొండ వాస్తవ్యుడిగా ఒక విన్నపం. మీరు ఎంబీబీఎస్ పట్టాలు పిల్లలకు మాత్రమే ఇస్తున్నారు. ఇది న్యాయం కాదు. వైద్యవిద్య పుస్తకాలు పిల్లలు చదువుతున్న మాట నిజమే గానీ, వైద్యవిద్యను చదువుతున్నది తండ్రులు. ఇందుకు నా దగ్గర సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం మా బావ.

బావ ఎనుమాముల మార్కెట్‌లో ఒక ఆడ్తి దుకాణంలో గుమస్తా. బస్తాలో చెయ్యి పెట్టి పత్తిలో తేమ ఎంతో చెప్పేస్తాడు. తేమ కొలిచే యంత్రం ఆ తర్వాత ఆయన చెప్పిన అంకెనే చూపిస్తుంది. చదివింది పదో తరగతి. అలాంటి మనిషి ఇవాళ పర్సంటైలుకూ పర్సంటేజీకీ తేడా (ఒకటి నూటికి ఎందరిని దాటామో, మరొకటి నూటికి ఎన్ని మార్కులో) చెబుతుంటే మార్కెట్‌లో హమాలీలు కూడా చుట్ట ఆర్పి వింటున్నారు.

కథ 2022లో మొదలైంది. మా మేనకోడలు పదో తరగతి పరీక్షలింకా రాయకముందే జూనియర్ కళాశాలల పీఆర్వోలు పెళ్లిళ్ల పేరయ్యల్లాగా ఇంటి చుట్టూ తిరిగారు. అమ్మాయి ఒక్కసారి నోరు విప్పి, "నాన్నా, నాకు లెక్కలు బాగా వస్తాయి" అన్నది. "మంచిదమ్మా, ఫిజిక్సుకు పనికొస్తాయి" అని బావ బైపీసీలో చేర్పించాడు. ఆమె అభిప్రాయ సేకరణ అంతటితో ముగిసింది.

2024 మే 5, ఆదివారం, ఎంబీబీఎస్ సీటు కోసం రాసే నీట్, మా అమ్మాయికి మొదటిసారి. మధ్యాహ్నం ఒకటిన్నరకు గేటు మూస్తారు. నిండు చేతుల చొక్కా కూడదు, బూట్లు కూడదు, గడియారం కూడదు. ఎవరో అబ్బాయి పొడుగు చేతుల చొక్కాతో వచ్చాడు. వాళ్ల నాన్న ఎదురుగా ఉన్న జిరాక్సు దుకాణానికి పరుగెత్తి కత్తెర తెచ్చాడు. భుజం కింద నుంచి చర్రుమని కోస్తుంటే ఆ పిల్లవాడు తలవంచుకొని నిలబడ్డాడు, శస్త్రచికిత్సకు తొలి పాఠం అక్కడే నేర్చుకుంటున్నట్టు. మా అమ్మాయి చేతికి మా అక్క ఆ పొద్దున భద్రకాళి గుడిలో కట్టించిన కంకణం ఉంది. తీయమన్నారు. తడిసి బిగిసిన ముడి వేళ్లకు రాలేదు. బావ అమ్మాయి మణికట్టు పట్టుకొని పళ్లతో కొరికాడు. ఆ తర్వాత కంకణం, చెవికమ్మలు, గడియారం చేతిరుమాలులో మూటగట్టుకొని గేటు ముందు మూడు గంటల ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. ఓరుగల్లు మే ఎండ సంగతి తెలిసిందే. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. "లోపల అది తాగిందో లేదో" అన్నాడు.

ఫలితాలు జూన్ 14న అన్నారు. లోక్‌సభ ఓట్లు లెక్కపెట్టే జూన్ 4నే ఇచ్చేశారు. దేశమంతా పార్టీల సీట్లు చూస్తుంటే మా ఇంట్లో ఒక్క సీటు కోసం చూశాం, రాలేదు. అయితే ఆ రాత్రి బావ ఒక జాబితా ముందు పెట్టుకొని నన్ను పిలిచాడు. 67 మందికి 720కి 720 వచ్చాయి. అది ఆయన్ను బాధించలేదు. 718, 719 వచ్చినవాళ్లున్నారు. అది బాధించింది. "ఒక ప్రశ్న వదిలేస్తే నాలుగు పోయి 716. తప్పు రాస్తే ఆ నాలుగూ, పైన కోత ఒకటీ, అయిదు పోయి 715. మధ్యలో 719 ఎక్కడిది? ఈ చిట్టా మా దుకాణంలో నేను రాస్తే షావుకారు సాయంత్రానికే లెక్క తేల్చి పంపేసేవాడు" అన్నాడు. 1,563 మందికి గ్రేస్ మార్కులు కలిపారనీ, తర్వాత వాటిని తీసేసి మళ్లీ పరీక్ష పెడతారనీ దేశానికి తెలిసేసరికి బావ పద్దు మూసి పడుకొని చాలా రోజులైంది.

అమ్మాయిని ఏడాది పాటు మళ్లీ నీట్‌కు చదివించే లాంగ్ టర్మ్‌లో వేశారు. లాంగ్ టర్మ్ అంటే ఏమిటని అడిగే అమాయకులు నయీంనగర్ వైపు ఒక ఆదివారం వెళ్లి చూడాలి. హాస్టల్ గేటు దగ్గర పచ్చడి సీసాతో ఒక తల్లి, ర్యాంకుల కాగితంతో ఒక తండ్రి, ఇద్దరి మధ్య ఏమీ మాట్లాడకుండా అన్నం తింటున్న ఒక పిల్ల. మొదటి ప్రశ్న "ఈ వారం ఎన్ని?" రెండోది "తిన్నావా?" ఈ వరుస తారుమారు చేసిన తండ్రి ఆ ఏడాదంతా నాకు కనిపించలేదు. ఇక ఫీజు సంగతి అడగకండి. మా అక్క మెడ చూడండి, తెలుస్తుంది.

2025లో అమ్మాయి క్వాలిఫై అయింది. బంధువులు మిఠాయిల పెట్టెలు పట్టుకొని దిగారు. బావ వాళ్లను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. ఆ ఏడాది జనరల్ వారికి 720లో 144 వస్తే అర్హులే. పదో తరగతిలో నూటికి 35 రాకపోతే తప్పినట్టు, ఇక్కడ 20 వస్తే డాక్టరు చదువుకు తగినట్టు. అలా తగినవారు దేశంలో 12 లక్షల పైచిలుకు, సీట్లు లక్షా పాతికవేలకు అటూ ఇటూ. "క్వాలిఫై అంటే బండిని మార్కెట్ గేటు లోపలికి రానిచ్చారన్న మాట. సరుకు కొనడం వేరే సంగతి" అని తేల్చాడు. మిఠాయి తింటున్నవాళ్ల దవడలు ఆగిపోయాయి.

మా వీధిలో మరో తండ్రి కొడుకును ఇంటర్‌కు బెజవాడ పంపాడు. అక్కడి చదువు గట్టిదని, అబ్బాయికి ఇల్లు గుర్తుకు రాకూడదని. అబ్బాయికి ఇల్లు గుర్తుంది గానీ ప్రభుత్వానికి అబ్బాయి గుర్తులేడు. 2024 నాటి జీవో 33 ప్రకారం తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివితేనే ఇక్కడి వైద్య సీట్లకు స్థానికుడు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కూడా అదే సరి అన్నది. తాత ముత్తాతలు వేయిస్తంభాల గుడి నీడన పెరిగిన కుటుంబంలో పుట్టిన ఆ అబ్బాయి ఇప్పుడు వరంగల్‌లో స్థానికేతరుడు. బావ మాత్రం స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, అన్నీ మూడేసి జిరాక్సులు తీయించి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని బీరువాలో అక్క పట్టుచీరల మధ్య దాచాడు.

సీట్లు పంచే కౌన్సెలింగ్ రోజుల్లో అంతా ఆన్‌లైనే. ఇంట్లో మంచం మీద పడుకొని ఫోనులో చేసుకోవచ్చు. అయినా బావ రోజూ విశ్వవిద్యాలయం గేటు ఎదుట చెట్టు కింద నిలబడేవాడు. అక్కడ ఆయనలాంటివాళ్లు పాతికమంది. ఒక చిన్న విశ్వవిద్యాలయం అది. గేటు లోపల ఉన్నదానికి కవి పేరు పెట్టారు గానీ, బయట ఉన్నదానికి ఎవరూ పేరు పెట్టలేదు.

ఆప్షన్ల క్రమం, అంటే ఏ కళాశాల ముందు ఏది వెనక కోరాలో రాయడం కోసం బావ ఒక లాంగ్ నోటుపుస్తకం కొన్నాడు. ఉస్మానియా, గాంధీ, మూడోది 1959 నాటి మన కాకతీయ. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. ఆ తర్వాతే విద్వత్తు. ఉమ్మడి వరంగల్ జిల్లాకు దశాబ్దాల పాటు ఒక్క కాకతీయే ప్రభుత్వ వైద్య కళాశాల. 2022లో మహబూబాబాద్, 2023లో జనగామ, భూపాలపల్లి, 2024లో ములుగు, నర్సంపేట వచ్చాయి. కాలు విరిగితే హన్మకొండ బస్సు ఎక్కిన ఊళ్లలో ఇప్పుడు కాలి ఎముకల పేర్లు లాటిన్‌లో వల్లిస్తున్నారు. బావ బస్సులో ఈ ఊళ్లన్నీ తిరిగాడు. పొద్దున తొమ్మిదింటికల్లా ఆసుపత్రి దగ్గర దిగి ఓపీ చీటీల వరుస లెక్కపెట్టేవాడు. రోగులు ఎక్కువ ఉంటేనే పిల్లలకు చదువు వస్తుందని ఎవరో పెద్ద డాక్టరు చెప్పారట. "ఇక్కడ నూట ఎనభై మంది! దగ్గే నాలుగు రకాలుగా వినిపించింది!" అని అక్కడి నుంచే ఫోను చేశాడు. చీటీల వరుసను చూసి అంత సంతోషపడిన మనిషిని ఆ ఆసుపత్రివారు అంతకుముందు చూసి ఉండరు. పాఠం చెప్పేవాళ్లు ఎందరున్నారో కూడా లెక్కపెట్టబోయాడు గానీ, వరుసలో నిలబడేది రోగులే కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

డబ్బు సంగతిలో ఆయన కొలమానం క్వింటా. ప్రైవేటులో కన్వీనర్ కోటా అయితే అప్పట్లో ఏడాదికి 60 వేలు. అదే గోడల మధ్య, అదే బల్ల మీద, మేనేజ్‌మెంట్ కోటా అనే బి కేటగిరీ అయితే 11 లక్షల పైమాట. 2025-26 పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 చొప్పున 135 క్వింటాళ్లకు పైగా, ఒక్క ఏడాదికి. "అంత పత్తిలో మనిషి మునిగిపోతాడు" అన్నాడు, ఉపమానం అనుకోకుండానే. జార్జియా, కిర్గిజ్‌స్తాన్ చదువుల గురించి ఒక హోటల్లో సభ పెడితే దానికీ వెళ్లాడు. అక్కడ చదివినవాళ్లు తిరిగి వచ్చాక ఇక్కడ 300 మార్కుల పరీక్షలో 150 తెచ్చుకోవాలన్న మాట సభలో అందరికంటే చిన్న గొంతుతో చెప్పారట. టీ బాగుందన్నాడు.

అమ్మాయికి ప్రభుత్వ సీటు వచ్చింది. ఏడాదికి 10 వేల ఫీజు. ఏ ఊరో చెప్పను, దగ్గరిదే. బావ ఎందుకో ఆ సాయంత్రం చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లాడు.

దీపావళికి అమ్మాయి ఇంటికి వచ్చింది. బస్సులు తిరిగీ గేట్ల ముందు నిలబడీ బావకు మోకాలి నొప్పి పట్టుకుంది. ఆయన ప్యాంటు పైకి మడిచి, వీధిలోవాళ్లను కూడా పిలిచి, ధీమాగా కాలు చాపాడు. అమ్మాయి రెండు వేళ్లతో మోకాలి చిప్పను అటూ ఇటూ కదిపి చూసింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

"మాకింకా మోకాలు రాలేదు నాన్నా. భుజం దగ్గరే ఉన్నాం."

బావ ఏమీ నొచ్చుకోలేదు. ప్యాంటు దించుకొని, లాంగ్ నోటుపుస్తకం తెప్పించి, వెనక నుంచి కొత్త పేజీ తీశాడు. 2023లో పీజీ నీట్ కటాఫ్‌ను సున్నా పర్సంటైలుకు దించారని ఎక్కడో చదివాడట. అది ఎలా కుదురుతుందో లెక్క వేస్తున్నాడు.