మహారాజశ్రీ టీబీడీ గారికి

అయ్యా,

కాలేజీ ఫుట్‌బాల్ షెడ్యూల్లో తేదీ ఉంటుంది, ప్రత్యర్థి పేరు ఉంటుంది, స్టేడియం పేరు ఉంటుంది. ఆ పక్కన టైమ్ ఉండాల్సిన గడిలో కాళ్ళు చాపుకుని కూర్చునే మూడక్షరాలు మీరు, టీబీడీ, అంటే టు బి డిటర్మిన్డ్. ఎన్నింటికో ఇంకా తేల్చలేదు, తేలాక చెబుతాం అని మీ ద్వారా మాకు కబురు. (ఫుట్‌బాల్ అంటే ఇక్కడ అమెరికాది. కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది. మెస్సీ ఆడేది కాదు.)

సీజన్ టికెట్ల డబ్బు నెలల ముందే కట్టించుకుంటారు. పార్కింగ్ పాస్ డబ్బు విడిగా. ఇక ఎన్నింటికి రమ్మంటారంటే, మీరు. మామూలుగా మ్యాచ్‌కి పన్నెండు రోజుల ముందు టీవీ ఛానెళ్ళు ఏది ఎవరిదో, ఎన్నింటికో పంచుకుంటాయి. వాటికి అప్పటికీ మనసు కుదరకపోతే ఆరు రోజుల ముందు. ముహూర్తం వేయకుండా శుభలేఖలు పంచి, అమ్మాయీ అబ్బాయీ వీళ్ళే, మంటపం ఇదే, మీరు మాత్రం ఆ రోజు పొద్దున్నుంచి అర్ధరాత్రిదాకా ఖాళీగా ఉండండి, వీడియో తీసేవాడికి ఎప్పుడు వీలవుతుందో కనుక్కుని చెబుతాం అన్నట్టుంటుంది మీ వ్యవహారం.

మాది సియాటిల్. కొండలకి అవతల పుల్‌మన్‌లో మ్యాచ్ చూడాలంటే స్నోక్వాల్మీ కనుమ దాటి దాదాపు అయిదు గంటలు కారు తోలాలి. మధ్యాహ్నం మ్యాచ్ అయితే చూసుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. రాత్రి ఏడున్నరకి మొదలైతే అయ్యేసరికి పదకొండు, కనుమ మీద నవంబర్ మంచు, పక్క సీట్లో మా ఆవిడ మౌనం. హోటల్ తప్పదు. చిన్న ఊరు, ఉన్నవే కాసిని హోటళ్ళు, మ్యాచ్ ఉన్న వారాంతంలో రెండు రాత్రులకి తక్కువైతే గది ఇవ్వమంటారు. మీరు తేలేదాకా ఆగితే గది ఉండదు, ముందే తీసుకుంటే మీరు మధ్యాహ్నానికి తేలతారు. మీతో పెట్టుకుని నేనెప్పుడూ గెలవలేదు గానీ, దాని గురించి కాదు ఈ ఉత్తరం.

మీ వంశచరిత్ర కొంత చదివాను. ఒకప్పుడు మీ అవసరమే ఉండేది కాదు, ఎందుకంటే చాలా మ్యాచ్‌లు అసలు టీవీలో వచ్చేవే కావు. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ అనే పెద్దమనుషుల సంఘం, ఒక జట్టు రెండేళ్ళలో ఆరుసార్లకి మించి టీవీలో కనబడకూడదని రూలు పెట్టింది. ఇంట్లో చూపిస్తే జనం స్టేడియానికి రారని భయం. ఓక్లహామా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. 1984 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో ఆ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. కాదన్న ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. కుర్రతనంలో కొలరాడో యూనివర్సిటీకి ఆడి దేశమంతా పేరు తెచ్చుకున్న మనిషి. ఆటగాడిగా వెలిగినాయనే వద్దన్నాడన్నమాట. తీర్పు తప్పని నేననడం లేదు, పాత పద్ధతి అంతకన్నా అన్యాయం. కానీ అమ్ముకునే హక్కు యూనివర్సిటీల చేతికి రాగానే అవి గుంపులు (వాటినే కాన్ఫరెన్స్‌లంటారు) కట్టి అమ్మడం మొదలెట్టాయి, గుంపు పెద్దదైతే ధర పెరుగుతుందని తెలుసుకున్నాయి, ఆ తర్వాత గుంపులో ఎవరుండాలో కొనేవాడి మొహం చూసి నిర్ణయించుకోవడం మొదలెట్టాయి. మీరు పుట్టింది అక్కడే.

2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ తాము బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లోకి పోతున్నామని ప్రకటించాయి. ఆగస్టులో బిగ్ టెన్ వాళ్ళు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ ఛానెళ్ళతో ఏడేళ్ళకి 700 కోట్ల డాలర్లు దాటిన బేరం కుదుర్చుకున్నారు. శనివారాన్ని మూడు వాటాలేశారు. మధ్యాహ్నం పన్నెండు ఫాక్స్‌ది, మూడున్నర సీబీఎస్‌ది, రాత్రి ఎన్‌బీసీది. మూడు వాటాలకీ వారం వారం మూడు పెద్ద పేర్లు కావాలి. అందుకని పెద్ద పేర్లు ఎక్కడుంటే అక్కణ్ణుంచి తెచ్చుకున్నారు, మధ్యలో ఎన్ని కొండలున్నాయో, ఎన్ని టైమ్ జోన్లున్నాయో చూడకుండా. ఇప్పుడా కాన్ఫరెన్స్‌లో 18 జట్లు, ఒక కొస న్యూజెర్సీలో, ఇంకో కొస కాలిఫోర్నియాలో.

మా వైపు పాక్-12 అని ఒకటుండేది. 1915లో మొదలైన కాన్ఫరెన్స్. కొత్త టీవీ బేరం కుదుర్చుకోలేక కిందా మీదా పడుతుంటే చివరికి యాపిల్ కంపెనీ ఒక ఆఫర్ పెట్టింది: ఆటలు స్ట్రీమింగ్‌లో వస్తాయి, చందాదారులు పెరిగితే డబ్బు పెరుగుతుంది. కొడుకుల ఫోన్లో తప్ప మ్యాచ్ కనబడదని భయమేసిందో, డబ్బు చాలదనిపించిందో, 2023 ఆగస్టు 4 శుక్రవారం ఒక్కరోజులో అయిదు యూనివర్సిటీలు లేచిపోయాయి. వాషింగ్టన్, ఆరెగాన్ బిగ్ టెన్‌కి, అది కూడా మొదట్లో సగం వాటాకే. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. కొలరాడో వారం ముందే సర్దుకుంది. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ సెప్టెంబర్‌లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. పసిఫిక్ ఒడ్డునున్న వాటికి అట్లాంటిక్ ఎలా తగిలిందని అడక్కండి. వాటితోపాటే డాలస్‌లోని ఎస్‌ఎంయూ కూడా, తొమ్మిదేళ్ళపాటు ఆ కాన్ఫరెన్స్ టీవీ డబ్బు వద్దని రాసిచ్చి మరీ చేరింది. డాలస్ పక్కన ప్లేనో, ఫ్రిస్కోల్లో ఉండే మనవాళ్ళు సముద్రం చూడాలంటే గాల్వెస్టన్ దాకా అయిదు గంటలు పోతారు, అదీ వేరే సముద్రం.

మిగిలినవి రెండే: ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. ఈ రెండోదే పుల్‌మన్‌లో ఉండేది.

ఇక తమరి పనితనం చూద్దాం. 2024 సెప్టెంబర్ 27న మా సియాటిల్ వాషింగ్టన్ జట్టు దేశం ఈ కొస నుంచి ఆ కొసకి, న్యూజెర్సీలోని రట్గర్స్‌తో ఆడటానికి పోయింది. ఏ వారమనుకున్నారు? శుక్రవారం రాత్రి. అమెరికాలో శుక్రవారం రాత్రి అంటే హైస్కూల్ ఆటలది, ఊళ్ళకి ఊళ్ళే పోయి పిల్లల ఆట చూసే రాత్రి. ఫాక్స్ వారికి శుక్రవారం ఒక గడి ఖాళీగా కనబడింది, పెట్టేశారు. తర్వాతి నెల ఇండియానాతో మ్యాచ్ అక్కడి మధ్యాహ్నం పన్నెండుకి, అంటే మా కుర్రాళ్ళ ఒంటికి తొమ్మిది. రెండూ ఓడారు. ఓటమికి మీరే కారణమని కేసు వేయలేను, జట్టు కూడా అంతంతమాత్రమే. కానీ సోమవారం పొద్దున వాళ్ళకి క్లాసులుంటాయని, వాళ్ళని విద్యార్థి క్రీడాకారులు అని అధికారికంగా పిలుస్తారని మీకెవరైనా చెప్పారా? ఫుట్‌బాల్ వాళ్ళకైనా ప్రత్యేక విమానాలుంటాయి. వీళ్ళ టీవీ బేరం పుణ్యమా అని వాలీబాల్ ఆడే అమ్మాయిలు కూడా దేశం చుట్టి వస్తున్నారు, వాళ్ళ ఆట కోసం ఏ ఛానెలూ వందల కోట్లు పెట్టలేదు.

అదే ఏడాది అక్టోబర్ 5న మయామీ జట్టు బర్క్‌లీ వచ్చింది. మొదలైంది కాలిఫోర్నియాలో రాత్రి ఏడున్నరకి, మయామీలో పదిన్నర. బర్క్‌లీ 35-10తో ఆధిక్యంలో ఉండి, చివరికి 39-38తో ఓడింది. అద్భుతమైన మ్యాచ్. చూసినవాళ్ళెవరు? మయామీలో అప్పటికి అర్ధరాత్రి దాటి ఎంతసేపో అయింది. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ మ్యాచ్‌కి సరైన వేళ ఎక్కడ కుదిరిందయ్యా అంటే గుంటూరులో, ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, ఇడ్లీ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని చూడొచ్చు. మా బావకి ఆట రూల్స్ తెలియవు గానీ, ఆ మ్యాచ్ ఫోన్లో పెడితే ఫుల్‌గా చూశాడు.

యాపిల్ కప్ సంగతి మాత్రం మిమ్మల్ని క్షమించను. మా రాష్ట్రంలోని రెండు పెద్ద యూనివర్సిటీలు వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్‌ల మధ్య పోటీ అది (ఆ యాపిల్ కంపెనీకీ దీనికీ సంబంధం లేదు). ఎక్కువగా థాంక్స్‌గివింగ్ వారాంతంలో, సీజన్ చివర, టర్కీ కూర మిగిలింది తిని, ఇంట్లో అన్నదమ్ములే రెండు పార్టీలయ్యి, చలికి వణుకుతూ చూసేది. ఇప్పుడు ఒకరు బిగ్ టెన్, ఒకరు మిగిలిపోయినవారు. సీజన్ చివరి వారం వాషింగ్టన్‌కి ఆరెగాన్‌తో కాన్ఫరెన్స్ మ్యాచ్. అందుకని 2024లో యాపిల్ కప్‌ని సెప్టెంబర్ 14కి నెట్టారు. యాపిల్ కప్‌కి సన్‌స్క్రీన్ రాసుకుని వెళ్ళాం మేం. రెండు క్యాంపస్‌ల్లోనూ కాకుండా సియాటిల్ ఊళ్ళో అద్దె స్టేడియంలో. మిగిలిపోయినవారు 24-19తో గెలిచారు, ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది, అది వేరే సంగతి.

టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం మధ్య ఆట 1894 నుంచి ఉంది. టెక్సస్‌కి ఈఎస్‌పీఎన్ వాళ్ళు సొంత ఛానెల్ పెట్టిచ్చాక పక్కింటివాడు అలిగి ఎస్‌ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి పోయాడు, 2011 తర్వాత 2024 దాకా ఆ మ్యాచే లేదు. మళ్ళీ ఇద్దరూ ఒకే కాన్ఫరెన్స్‌లో కలిశాక అదే పాత పగని ఆ ఛానెల్ వాళ్ళ కుటుంబమే శనివారం రాత్రి ఖరీదైన గడిలో పెట్టి అమ్మింది.

ఇంకా విచిత్రం, 2024లో అరిజోనా, కాన్సస్ స్టేట్ రెండూ బిగ్ 12లోనే ఉండి, ఒకదానితో ఒకటి ఆడి, ఆ మ్యాచ్ కాన్ఫరెన్స్ లెక్కలోకి రాదన్నారు. వేర్వేరు గుంపుల్లో ఉన్నప్పుడు కుదుర్చుకున్న మ్యాచ్ కదా అని. ఒకే ఇంట్లో ఉంటూ చుట్టాలు కాదన్నమాట.

స్టేడియంలో కూర్చుంటే మీ అసలు యజమాని కూడా కనబడతాడు. గీత అవతల ఎర్ర టోపీ పెట్టుకుని ఒకాయన నిలబడతాడు. ఆయన మైదానంలోకి అడుగేస్తే ఆట ఆగుతుంది, టీవీలో ట్రక్కుల ప్రకటనలు వస్తాయి. ఇరవై ఇద్దరు ఆటగాళ్ళు నడుం మీద చేతులేసుకుని నిలబడతారు, రిఫరీ కూడా ఆయన మొహమే చూస్తాడు, వేలమందిమి వానలో తడుస్తూ బ్యాండు వాయించిన పాటే మళ్ళీ వింటాం. ఆయన పక్కకి జరిగితే ఆట. మ్యాచ్‌లు సాగిపోతున్నాయని 2023లో ఒక రూలు మార్చారు, ఫస్ట్ డౌన్ (బంతిని పది గజాలు ముందుకి తీసుకుపోవడం) వచ్చినప్పుడు గడియారం ఆపడం మానేశారు, ఒక్కో సగంలో చివరి రెండు నిమిషాలు తప్ప. అంటే ఆట కోశారు. టోపీ జోలికి ఎవరూ పోలేదు. ఆ విరామాల్లో నాకు అర్థమైందేంటంటే, టికెట్ కొన్న మేం ప్రేక్షకులం కాదు, సోఫాలో కూర్చున్న ప్రేక్షకుడికి వెనక కనబడే గోల మేం. మమ్మల్ని ఎన్నింటికి పిలిస్తే ఏంటి?

మిగిలిన ఆ రెండు యూనివర్సిటీల మీద జాలిపడి ఈ ఉత్తరం ఇక్కడితో ఆపుదామనుకున్నాను. వాళ్ళు పాక్-12 పేరు దక్కించుకుని 2026కి మళ్ళీ గుంపు కట్టారు. బాయ్‌సీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, సాన్ డియేగో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్. ఇవన్నీ వేరే కాన్ఫరెన్స్ నుంచి లాక్కొచ్చినవే. గొంజాగాని కూడా తెచ్చారు గానీ దానికి ఫుట్‌బాల్ జట్టే లేదు. గుర్తింపు కావాలంటే ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు ఎనిమిదిమంది ఉండాలి, ఒకటి తక్కువైంది. మన కష్టం మనకి తెలుసు గనక ఇంకొకరికి చేయకూడదని ఎవరైనా అన్నారేమో తెలియదు, మొత్తానికి టెక్సస్‌లోని శాన్ మార్కోస్ నుంచి టెక్సస్ స్టేట్‌ని తెచ్చి పసిఫిక్ అన్నారు. సీబీఎస్ వాళ్ళు సరేనన్నారు, సీడబ్ల్యూ ఛానెల్ వాళ్ళు సరేనన్నారు.

కాబట్టి టీబీడీ గారూ, ఒకే ఒక్క మనవి. ఆ టెక్సస్ కుర్రాళ్ళు పుల్‌మన్ వచ్చేది నవంబర్‌లో అయితే మాత్రం మధ్యాహ్నానికి తేలండి. వాళ్ళకి మంచు అలవాటు లేదు, నాకు రెండో రాత్రి హోటల్ అద్దె అలవాటు లేదు.

ఇట్లు,
ఆ శనివారం మొత్తం మీ పేర రాసిచ్చిన
ఒక సీజన్ టికెట్‌దారుడు