చీపురు యంత్రానికి జీర్ణోద్ధరణ

గుడి పాడుబడితే ఊరి పెద్దలు చందాలు వేసుకుని జీర్ణోద్ధరణ చేయిస్తారు. చెరువు పూడిపోతే కనీసం ఎన్నికల ఏడాదిలోనైనా ఎవరో ఒకరు పూడిక తీయిస్తారు. ఇళ్లు ఊడ్చి ఊడ్చి అరిగిపోయి, మూలపడి, బూజు పట్టిన వాక్యూమ్ క్లీనర్‌ను ఉద్ధరించే నాథుడు మాత్రం లోకంలో బహు అరుదు. అటువంటి నాథుడొకరు మా అక్క భర్త కావడం మా వంశం చేసుకున్న పుణ్యమని నేను నలుగురిలో చెబుతుంటాను. పుణ్యమన్న మాట దగ్గర మా అక్క చిన్నగా దగ్గుతుంది. ఆ దగ్గు సంగతి తరువాత వస్తుంది.

బావగారు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, క్యాంటన్ పట్టణానికి దగ్గరలో ఉంటారు. వృత్తి సాఫ్ట్‌వేరు, ప్రవృత్తి 1926 నాటి హూవర్ మోడల్ 700. తిరుపతిలో కాపురమున్నవాడి నోట గోవింద నామం పలకడం ఎంత సహజమో, క్యాంటన్ పరిసరాల్లో ఉన్నవాడికి నిలువు వాక్యూమ్ క్లీనర్ మీద భక్తి కుదరడం అంత సహజం. అది ఆ క్షేత్ర మాహాత్మ్యం. ఆ ఊళ్లో ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసే జేమ్స్ మర్రే స్పాంగ్లర్‌కు ఉబ్బసం ఉండేది. తివాచీలు ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ముకు ఊపిరాడక దగ్గి దగ్గి, చివరికి 1907లో ఆయన ఒక ఫ్యాను మోటారు, ఒక సబ్బుపెట్టె, ఒక చీపురు కర్ర, ఒక దిండు గలేబు జతచేసి దుమ్ము పీల్చే సాధనమొకటి తయారు చేసుకున్నాడు. మరుసటి ఏడాది దానికి పేటెంటు వచ్చింది గానీ పెట్టుబడి రాలేదు. మోటారు కార్ల ధాటికి గుర్రపు జీనుల గిరాకీ పడిపోతుందేమోనని దిగులుపడుతున్న తోలు వ్యాపారి విలియం హెన్రీ హూవర్, పక్కనే ఉన్న న్యూ బెర్లిన్‌లో కూర్చుని ఆ పేటెంటు కొనేశాడు. జర్మనీతో యుద్ధం నడుస్తుండగా 1918లో ఆ ఊరు బెర్లిన్ పేరు వదిలించుకుని నార్త్ క్యాంటన్ అయింది. హూవర్ పేరుకు మాత్రం ఏ యుద్ధమూ అడ్డు రాలేదు. వనస్పతి ఏదైనా మనం డాల్డా అన్నట్టు, నకలు తీయించడాన్ని జెరాక్స్ అన్నట్టు, బ్రిటన్ జనం ఏ వాక్యూమ్ క్లీనర్‌తో ఊడ్చినా దాన్ని హూవర్ చేయడం అనసాగారు. స్పాంగ్లర్ పేరు చెప్పుకుని ఎవరూ ఏదీ ఊడవరు.

మూడేళ్ల కిందట ఒక ముసలావిడ కాలం చేశాక ఆవిడ పిల్లలు ఇంటి సామాన్లన్నీ బయటపెట్టి అమ్ముతుంటే, బావగారు పాత పానాలేమైనా దొరుకుతాయేమోనని వెళ్లి, కుట్టుమిషనుకూ ఊగుడు కుర్చీకీ నడుమ నిలబడి ఉన్న ఈ యంత్రాన్ని చూశారు. అది కూడా తనను చూసిందని ఆయన వాదన. నలభై డాలర్లకు బేరం కుదిరింది. పనిచేస్తుందని అమ్మినవారు చెప్పిన మాట అబద్ధమేమీ కాదు. ప్లగ్గు పెట్టిన మరుక్షణమే గ్యారేజీలోనూ వంటింట్లోనూ దీపాలన్నీ ఆర్పే పని అది చక్కగా చేసింది. వైరు మీది రబ్బరు చెయ్యి తగిలితే చాలు, వేయించిన అటుకుల్లా పొడిపొడిగా రాలుతోంది. ప్లగ్గుకు రెండే పిన్నులు, ఎర్తు లేదు; ఒళ్లు చూస్తే నిలువెల్లా అల్యూమినియం. దుమ్ము సంగతి ఎలా ఉన్నా, మనిషి ప్రాణాన్ని పీల్చే శక్తి మాత్రం అందులో అప్పటికీ చెక్కుచెదరలేదు.

ఈ శాస్త్రంలో రెండు సిద్ధాంతాలున్నాయని నాకు ఆనాడే తెలిసింది. వందేళ్ల మసీ మరకా గీతలూ యంత్రం జీవితంలో భాగమే కనుక వాటిని ముట్టుకోరాదని, నడిచేటట్టు చేస్తే చాలని కొందరంటారు. మురికీ యంత్రమూ వేరు కాదనే వీరిని అద్వైతులనవచ్చు. మురికి మురికే, యంత్రం యంత్రమే, కర్మాగారం గుమ్మం దాటిన రోజున ఎలా మెరిసిందో తిరిగి అలా మెరిస్తే తప్ప మోక్షం లేదనేవారు ద్వైతులు. బావగారు కరుడుగట్టిన ద్వైతి.

ద్వైతం చాలా శ్రమతో కూడిన మతం. అల్యూమినియం మూతను మొదట 400 నంబరు సాండ్‌పేపరుతో నీళ్లు చల్లుకుంటూ రుద్దాలి. ఆ గీతలు పోవడానికి 800తో, 800 గీతలు పోవడానికి 1500తో, వాటి గీతలు పోవడానికి 2000తో రుద్దాలి. అంటే మొదటి రోజు తప్ప మిగతా రోజులన్నీ క్రితం రోజు తాను పెట్టిన గీతలను తానే చెరిపే పని. ఆపైన గుడ్డచక్రం మీద పాలిష్ ముద్ద పూసి తిప్పితే, లోహంలోంచి కాటుకలాంటి నల్లటి జిగురు పుట్టుకొచ్చి గోళ్ల సందుల్లో, కనుబొమల్లో, గ్యారేజీలో ఆరవేసిన ఆవకాయ ఊటముక్కల పళ్లెం అంచున కూడా చేరుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి బావగారు ఆ మూతను ముఖానికెత్తుకుని, అందులో కనిపించే తన పళ్లను చూసుకుంటున్నారు.

“ఏమోయ్, నీ ముఖం చూసుకో” అన్నారు, ఇటు తిప్పి. చూసుకున్నాను. ముక్కు కొంచెం పెద్దదిగా కనిపించింది గానీ, మెరుపును తప్పుపట్టడానికి వీల్లేదు.

ఆ నెలలోనే దగ్గు మొదలైంది. ఒక మనిషి దుమ్ముకు దగ్గలేక కనిపెట్టిన యంత్రాన్ని, వందేళ్లు దాటాక, క్యాంటన్ ఉన్న అదే స్టార్క్ కౌంటీలో మరొక మనిషి మూడు నెలలు దగ్గుతూ బాగుచేయడాన్ని నేను చరిత్ర పునరావృతం అన్నాను. అక్క దాన్ని వేరే పేరుతో పిలిచింది. అది ఇక్కడ రాయదగినది కాదు. “ఒరేయ్, ఆ మిషను ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి నేను రోజుకు రెండుసార్లు ఊడుస్తున్నానురా. ఇంతకుముందు వారానికి రెండుసార్లు సరిపోయేది” అని మాత్రం తరచుగా అంటుంది. శుభ్రత యంత్రం వచ్చాక ఇంట్లో శుభ్రత పెరిగిందనడానికి ఇంతకన్నా సాక్ష్యమేముంటుంది?

నిజమైన నేర్పు కావలసింది మోటారు దగ్గర. అది నిట్టనిలువుగా నిలబడి ఉంటుంది. ఇరుసు కింద ఫ్యాను, ఫ్యాను కింద బెల్టు, ఆ బెల్టు మెలిక తిరిగి ముందున్న రోలరును తిప్పుతుంది. బేరింగుల్లో గ్రీజు ఉండపాకం, ముదురుపాకం కూడా దాటిపోయి, బెల్లపు పెచ్చులా గట్టిపడింది. తిరిగే మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగి చింతగింజలయ్యాయి. ఆ బ్రష్షులు రాసుకునే రాగి కమ్యుటేటర్‌ను తళతళలాడించడానికి బావగారు ఉత్సాహం కొద్దీ ఎమరీ కాగితం అందుకున్నప్పుడు, ఆయన జీవితంలోకెల్లా పెద్ద ఉపద్రవం వెంట్రుకవాసిలో తప్పింది. ఎమరీ రజను కరెంటును పోనిస్తుంది. రాగి పట్టీల నడుమ సందుల్లో చిక్కుకుంటే మోటారు లోపలే షార్టయి కాలుతుంది. అక్కడ సన్నటి మామూలు సాండ్‌పేపరే వాడాలి, సందులను పుల్లతో శుభ్రం చేయాలి. ఈ సంగతి చివరి క్షణంలో గుర్తొచ్చిన బావగారు, కత్తివేటు తప్పించుకున్నవాడిలా కుర్చీలో కూలబడి మంచినీళ్లడిగారు. ఆ ఏడాది ఆఫీసులో ఆయన విభాగంలో సగం మందిని తీసేసిన రోజున కూడా ఇంత కలత ఆయన ముఖాన కనిపించలేదని అక్క చెప్పింది.

ఇక సంచి. ఈ మోడల్‌కు వాడి పారేసే కాగితపు సంచులు లేవు. దుమ్మంతా నేరుగా కర్రకు వేలాడే గుడ్డసంచిలోకి పోయేది. నిండాక ఇల్లాలు వాకిట్లోకి తీసుకుపోయి దులపాలి. దులిపిన దుమ్ము తిరిగి ఎవరి ముక్కులోకి పోయేదో కంపెనీ ప్రకటనల్లో ఉండేది కాదు. మా సంచిని దులిపితే గ్లాసెడు బూడిదరంగు పొడి వచ్చింది. దాన్ని చెత్తబుట్టలో వెయ్యబోయిన అక్కను బావగారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ పొడిలో ఏ కాలపు ఒహాయో సంసారం ఉందో, ఏ ఉన్ని చొక్కా పోగులున్నాయో, గోడ రంగుల్లో సీసం కలిపే రోజుల నాటి రజను ఎంత ఉందో ఎవరికి తెలుసు? ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, ఆయన దాన్ని ఒక గాజు సీసాలోకి ఎత్తి, మూత బిగించి, ‘ఒరిజినల్’ అని చీటీ అంటించి అలమరలో పెట్టారు. ఆ సీసా పక్కనే శ్రీశైలం నుంచి మా అమ్మ పంపిన విభూతి పొట్లం ఉండేది. ముందుజాగ్రత్తగా అక్క దాన్ని వేరే గదికి మార్చింది.

ఈ దశలో కొందరు హేతువాదులు ఒక ప్రశ్న వేస్తుంటారు: ఇంట్లో తీగ లేని, మూడు కిలోల బరువు కూడా లేని కొత్త యంత్రం ఉండగా దీనితో పనేమిటి? వారికి సమాధానం చెప్పడం నా బాధ్యత. మొదటిది, వాక్యూమ్ క్లీనర్‌ను ఊడవడానికే కొనాలన్నది లోకం ఏనాడూ ఒప్పుకోని నియమం. 1992లో బ్రిటన్‌లో వంద పౌండ్ల హూవర్ సరుకు కొంటే విమానం టికెట్లు రెండు ఉచితమని ప్రకటించినప్పుడు, జనం అమెరికా చూసిరావడానికి అక్కర్లేని వాక్యూమ్ క్లీనర్లు ఎగబడి కొన్నారు. ఆ టికెట్ల భారంతో కంపెనీకి సుమారు ఐదు కోట్ల పౌండ్ల నష్టం వాటిల్లింది. వారితో పోలిస్తే మా బావగారు తాను కొన్న యంత్రాన్ని కనీసం ప్రేమించారు. రెండోది, ముప్పై ఏళ్లు కొలువు చేసిన గుమాస్తాకు కూడా పదవీ విరమణ ఉంటుంది. రిటైరైన హెడ్మాస్టరు గారికి శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెడతాం గానీ, ఎక్కాలు చెప్పమనం కదా.

విజయవాడలో ఉన్న మా పెదనాన్నగారికి మాత్రం ఈ వాదన రుచించలేదు. “అంత బాగుచేశాక అక్కడెందుకు, ఇటు పంపించండి, పండక్కి ఇల్లు దులిపిస్తాం” అన్నారు ఫోనులో. అక్కడి కరెంటు 120 వోల్టులని, మన 230 వోల్టులకు తగిలిస్తే ఆ మోటారు పిచ్చిపట్టినట్టు తిరిగి పొగలు కక్కుతుందని, పైగా అది పుట్టిందే తివాచీల కోసమని, గ్రానైటు బండల మీద దాని విద్య పారదని బావగారు ఓపికగా వివరించారు. అటువైపు కొంతసేపు మౌనం. “అయితే మీ ఇంట్లో తివాచీ ఉందన్నమాట” అన్నారు పెదనాన్నగారు.

లేదు. అదే చిక్కు. అక్కకు దుమ్ము పడదని ఆరేళ్ల కిందటే ఇంట్లో ఉన్న కార్పెట్లన్నీ పీకించి చెక్క నేల వేయించారు. మోడల్ 700 గొప్పతనమంతా దాని రోలరు మీదుండే లోహపు పట్టీల్లో ఉంది. గాలి తివాచీని నేల మీంచి కాస్త పైకి లాగి పట్టుకుంటే, తిరిగే పట్టీలు దాన్ని టపటపా కొట్టి, పోగుల మొదట్లో దిగబడిన ఇసుకను కదిలిస్తాయి, కుచ్చులు ఊడుస్తాయి, గాలి పీల్చుకుపోతుంది. పైకి కనిపించే దుమ్ము చీపురుకూ పోతుంది గానీ, తివాచీని లోలోపల కోసేది ఆ ఇసుకే. కొట్టడానికి తివాచీ లేకపోతే ఆ విద్యంతా ఏమైపోవాలి? కనుక యంత్రం కోసం తివాచీ వచ్చింది. యంత్రానికి నలభై డాలర్లు, తివాచీకి ఆరువందలు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలన్నారు గానీ, కాలు కడిగే చెంబు అంత అందంగా తోమి పెట్టుకున్నాక అడుసు వెతుక్కోక తప్పదు.

ప్రారంభోత్సవానికి నాలుగు తెలుగు కుటుంబాలను టీకి పిలిచారు. ఇందులో వింతేమీ లేదు. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ గుర్రబ్బండి మీద పెద్ద పీల్చుడు యంత్రం తెచ్చి వీధిలో నిలిపి, కిటికీల్లోంచి గొట్టాలు లోపలికి పంపి ఇళ్లు శుభ్రం చేస్తుంటే, సంపన్న గృహిణులు స్నేహితురాళ్లను టీకి పిలిచి మరీ ఆ వేడుక చూపించేవారు. మరుసటి ఏడాది ఎడ్వర్డ్ రాజుగారి పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబీ తివాచీని శుభ్రం చేసిందీ ఆ యంత్రమే. మా ఇంట్లో రాజుగారు లేకపోయినా పకోడీలున్నాయి.

అందరూ కూర్చున్నాక బయటపడిన లోటు దుమ్ము. కొత్త తివాచీ, రోజుకు రెండుసార్లు ఊడ్చిన ఇల్లు. ఎక్కడా చిటికెడు ధూళి లేదు. పకోడీ పలుకులు చల్లుదామని ఒకాయన సూచించారు. నూనె తగిలితే సంచి పాడవుతుందని బావగారు ఒప్పుకోలేదు. కొంతసేపు గడ్డం నిమురుకుని, లోపలికి వెళ్లి అలమరలోంచి సీసా తెచ్చారు. పిల్లలను అవతలి గదిలోకి పంపి, కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకుని, ‘ఒరిజినల్’ చీటీ ఉన్న మూత తిప్పి, ఆ గ్లాసెడు పొడినీ ఆరువందల డాలర్ల తివాచీ మీద ముగ్గు వేసినంత ఒద్దికగా చల్లారు. అక్క గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. మీట నొక్కగానే సంచి పెళ్లి బాజా బూరలా ఉబ్బింది, నేల అదిరింది, తివాచీ టపటపలాడింది. రెండు నిమిషాల్లో పొడి అంతా మాయం. ఏ సంచిలోంచి బయటికొచ్చిందో ఆ సంచిలోకే, మూడేళ్ల వనవాసం ముగించుకుని, మొత్తం తిరిగి చేరింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

ఆ తరువాత దాన్ని మళ్లీ నడపలేదు. హాల్లో టీవీ పక్కన తివాచీ మీదే నిలబెట్టారు. గుడ్డతో తుడిస్తే అద్దపు మెరుపు మీద గీతలు పడతాయని, దాని మీద వాలిన దుమ్మును ప్రతి ఆదివారం ఉదయం బావగారు ఊపిరి బిగబట్టి, ఉడుత తోకంత మెత్తటి కుంచెతో దులుపుతారు. అది తివాచీ మీద పడుతుంది. ఆయన స్నానానికి వెళ్లాక, సూట్‌కేసులో అడ్డంగా పెట్టి గుంటూరు నుంచి తెచ్చుకున్న చీపురుతో అక్క దాన్ని ఊడుస్తుంది.