ఆత్మహత్యలకు ‘మనోధైర్యం లేకపోవడమే’ కారణమా?

తరచూ షేర్ అయ్యే మెసేజ్ ఒకటుంది: “కష్టాలు అందరికీ ఉంటాయి. మనోధైర్యం లేనివాళ్లే ఆత్మహత్య చేసుకుంటారు. అప్పులు, ఉద్యోగం అన్నీ సాకులు. డబ్బున్నవాళ్లూ చేసుకుంటున్నారుగా! చావాలనుకున్నవాణ్ని ఎవరూ ఆపలేరు.”

అంతా మనోధైర్యంలోనే ఉంటే, ఉద్యోగాలు పోయినప్పుడు ఆత్మహత్యల లెక్క ఎందుకు మారాలి? జనమంతా ఒక్కసారిగా పిరికివాళ్లైపోరు కదా! 1970 నుంచి 2007 దాకా ఐరోపా దేశాల లెక్కలు తిరగేసిన పరిశోధకులకు, నిరుద్యోగంతో పాటు 65 ఏళ్లలోపువారి ఆత్మహత్యలూ పెరగడం కనిపించింది. అన్నిచోట్లా కాదు. 1990ల మొదట్లో స్వీడన్‌లో నిరుద్యోగం అమాంతం పెరిగినా ఆత్మహత్యలు పెరగలేదు. పని పోయినవాళ్లను మళ్లీ పనిలో పెట్టడానికి ప్రభుత్వం గట్టిగా ఖర్చు పెట్టినచోట ఈ ముప్పు తగ్గిందని వాళ్లు తేల్చారు.

ఇక ‘సాకులు’. ఉద్యోగం పోతే జీతం ఒక్కటే ఆగదు. ఈఎంఐ తేదీ దగ్గరపడుతుంటే కడుపులో దడ. రికవరీ వాళ్ల నంబరని తెలిసి ఫోన్ సైలెంట్‌లో పెట్టడం. ఇంట్లో చెప్పలేక, రోజూ ఆఫీసుకెళ్తున్నట్టే తయారై బయటపడటం. ఏం చేస్తున్నావని అడుగుతారని శుభకార్యాలకూ మొహం చాటేయడం. అలా డబ్బు కష్టం కాస్తా ఒంటరితనమవుతుంది. ఇండోనేషియాలో పేద కుటుంబాలకు ప్రభుత్వ నగదు సాయం అందిన ప్రాంతాల్లో ఆత్మహత్యల రేటు దాదాపు 18 శాతం తగ్గింది. అప్పు ఉత్త సాకే అయితే ఆ డబ్బు ఎలా పనిచేసినట్టు?

డబ్బున్నవాళ్లూ చేసుకుంటున్నారన్నది నిజమే. డిప్రెషన్, మద్యం, ఇంట్లో హింస కూడా కారణాలే, అవి డబ్బు చూసి రావు. పేదరికమే ఏకైక కారణమని ఎవరన్నారు? సిగరెట్ ముట్టనివాళ్లకూ ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది, అంతమాత్రాన పొగ మంచిదైపోదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ‘చావాలనుకున్నవాణ్ని ఎవరూ ఆపలేరు’ అన్న ఆ చివరి మాట. ప్రయత్నించి బతికి బయటపడ్డవారిలో పదికి తొమ్మిది మంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోవడం లేదు. శ్రీలంకలో 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చారు, రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది. ప్రాణాంతకమైనది చేతికి అందకపోతే ఆ గడ్డు ఘడియ దాటిపోయే అవకాశం ఉంటుంది.

నిజంగా ఆ ఆలోచనలతో నలుగుతున్నవాళ్లు ఈ మెసేజ్ చదివితే, పిరికివాళ్లంటారని ఇంకా దాచుకుంటారు. వాళ్లను “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగానే అడగొచ్చు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదని అధ్యయనాలు చెబుతున్నాయి. అవునంటే ఒంటరిగా వదలకుండా, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.