దొరికేవాడి పేరే ఇంజినీరు

లైసెన్స్ ఉన్న మెకానికల్ ఇంజినీర్ అంటే యంత్రాలు తయారుచేసేవాడు అని చాలామంది అనుకుంటారు, పాపం. యంత్రాలు తయారుచేసేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లలో చాలామందికి లైసెన్స్ అక్కర్లేదు. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో చట్టమే అలా ఉంది, కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఆ కంపెనీ అమ్మే సరుకుని డిజైన్ చేసేవాళ్లకి ఇండస్ట్రియల్ ఎగ్జెంప్షన్ అని ఒక మినహాయింపు. అంటే హైవే మీద దూసుకెళ్లే కారుకి బ్రేకులు డిజైన్ చేసినవాడికి పీఈ, అంటే ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్స్, లేకపోయినా ఫర్వాలేదు, ఆ కారుని అమ్మే షోరూముకి ఏసీ డక్టులు గీసినవాడు మాత్రం డ్రాయింగు మీద సీలు కొట్టి, సంతకం పెట్టి, తేదీ వెయ్యాలి. ఇందులో తప్పుపట్టడానికేముంది? బ్రేకు పడకపోతే కంపెనీ ఉంది, కంపెనీకి లాయర్లున్నారు, రీకాల్ అనే పద్ధతుంది. డక్టులోంచి గాలి రాకపోతే ఎవరి కాలర్ పట్టుకోవాలో పేరూ నంబరుతో సహా తెలిసుండాలి కదా.

అసలు లైసెన్స్ పుట్టిందే అందుకు. 1907లో వయోమింగ్ రాష్ట్రం అమెరికాలో మొట్టమొదటి ఇంజినీర్ లైసెన్స్ చట్టం చేసింది. నీటి హక్కుల కోసం పెట్టే దరఖాస్తులకి మ్యాపులు జతచెయ్యాలి, వాటిని లాయర్లూ నోటరీలూ ఎవరికి తోచినట్టు వాళ్లు గీసేసి కింద ఇంజినీర్ అని సంతకం పెట్టేస్తున్నారని స్టేట్ ఇంజినీర్ క్లారెన్స్ జాన్‌స్టన్ మొత్తుకున్నాడు. టెక్సాస్‌కి ఆ బుద్ధి 1937 దాకా రాలేదు. ఆ ఏడాది మార్చిలో న్యూ లండన్ అనే ఊళ్లో ఒక స్కూలు హీటింగ్ ఖర్చు తగ్గుతుందని పక్కనున్న లైనులోంచి వాసన లేని గ్యాస్ లాక్కుంది, అది లీకై బిల్డింగు కిందంతా నిండి పేలి దాదాపు 300 మంది చచ్చిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ ఏడాదే అక్కడ ఇంజినీర్ లైసెన్స్ చట్టం వచ్చింది. ఈ ఒక్క విషయంలో నాకు వెటకారం రాదు.

సరే, మన క్యాండిడేట్ సంగతికొద్దాం. డిగ్రీ అయ్యాక ఎఫ్ఈ, అంటే ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్, అని 110 ప్రశ్నల పరీక్ష, అది పాసైతే ఇంజినీర్ ఇన్ ట్రైనింగ్ అనే బిరుదు ఇస్తారు. ఆ బిరుదుతో మామూలుగా నాలుగేళ్లు ఒక పీఈ కింద పనిచెయ్యాలి. ఆ నాలుగేళ్లలో మనవాడు పైపు సైజులు లెక్కకడతాడు, పంపు హెడ్డు లెక్కకడతాడు, డ్రాయింగులు గీస్తాడు, పెద్దాయన ఎర్రపెన్నుతో దిద్దితే మళ్లీ గీస్తాడు. పెద్దాయన కూడా ఒకప్పుడు ఇలాగే గీసేవాడట, ఇప్పుడు గీతలు మర్చిపోయి దిద్దడం ఒక్కటే గుర్తుంది. ఆ తర్వాత పీఈ పరీక్ష, 80 ప్రశ్నలు, ఎనిమిది గంటలు. మెకానికల్ వాళ్లకి ఇందులో మూడు దారులు, ఏసీ-రిఫ్రిజిరేషన్ ఒకటి, మెషిన్ డిజైన్ ఒకటి, థర్మల్-ఫ్లూయిడ్స్ ఒకటి. కాగితం మీద రాసే రోజుల్లో ఇది ఓపెన్ బుక్ పరీక్ష, కాబట్టి జనం సూట్‌కేసుల నిండా పుస్తకాలు కుక్కుకుని, స్టీమ్ టేబుల్సుకి రంగురంగుల ట్యాబులు అంటించుకుని, చక్రాల మీద లాక్కుంటూ హాల్లోకి వచ్చేవాళ్లు. ఆ బరువుని కుదుపు లేకుండా లోపలికి చేర్చినవాడికి సగం మార్కులు అక్కడే ఇవ్వాల్సింది అని నా అభిప్రాయం, మెకానికల్ ఇంజినీరింగ్ అంటే అదే కదా. ఇప్పుడంతా కంప్యూటర్ మీదే, స్క్రీన్ మీద ఒక పీడీఎఫ్ హ్యాండ్‌బుక్ ఇస్తారు, అందులోనే వెతుక్కోవాలి, ఈ తరం నడుములు గట్టిపడవు.

పాసయ్యాడు, సీలొచ్చింది. సీలు వచ్చాక మనిషి మారిపోతాడు అంటారు గానీ మారేది చుట్టూ ఉన్నవాళ్లు. నిన్నటిదాకా పలకరించనివాళ్లు శుక్రవారం సాయంత్రం ఫోన్ చేస్తారు, "సార్, డ్రాయింగులన్నీ రెడీ అండీ, మీరు చూడక్కర్లేదు కూడా, ఊరికే ఒక సీలు కొడితే చాలు, సోమవారం పర్మిట్‌కి పెట్టాలి." మనవాడు చెప్తాడు, నా పర్యవేక్షణలో జరగని పనికి నేను సీలు కొడితే దాన్ని ప్లాన్ స్టాంపింగ్ అంటారు, లైసెన్స్ పోతుంది అని. అవతల కాసేపు ఎవరూ మాట్లాడరు. "అంటే ఎంతవుతుందండీ?"

ఇంకో సంగతి, ఈ లైసెన్స్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. ఒక రాష్ట్రంలో నీళ్లు పల్లానికే పారతాయని లెక్కకట్టి సీలు కొట్టినవాడు సరిహద్దు దాటాడంటే, పక్క రాష్ట్రంలో కూడా నీళ్లు పల్లానికే పారతాయని చెప్పడానికి విడిగా దరఖాస్తు పెట్టుకుని ఫీజు కట్టాలి. ఇంకోసారి పరీక్ష అడగరులెండి, ఆ మాత్రం దయ ఉంది. లైసెన్స్ రెన్యువల్ అవ్వాలంటే చాలా రాష్ట్రాల్లో ఏడాదికి 15 గంటల చదువు చూపించాలి, దానికి వాల్వులమ్మే కంపెనీవాళ్లే ఆఫీసుకొచ్చి లంచ్ పెట్టి వాల్వు గురించి గంటసేపు చెప్పి సర్టిఫికెట్ ఇచ్చి వెళ్తారు. చదువు ఏ కంపెనీ వాల్వు దగ్గర ఆగిందో తర్వాత వచ్చే డ్రాయింగులు చూస్తే తెలిసిపోతుంది.

ఇలా ఏళ్లు గడిచాక జుట్టు నెరుస్తుంది, అప్పుడు మొదలవుతుంది అసలు కెరీర్. ఇన్నాళ్లూ ఏదీ విరగకుండా చూసినందుకు ఇచ్చిన దానికంటే, ఎవరిదో విరిగినది ఎందుకు విరిగిందో కోర్టులో చెప్తే గంటకి ఎక్కువిస్తారు. అదే ఎక్స్‌పర్ట్ విట్నెస్ ఉద్యోగం. అయితే ఇక్కడ అనుభవం ఉందని జడ్జిగారు ఊరికే చేతులు కట్టుకుని వినరు. 1999లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన కుమ్హో టైర్ కేసుంది చూడండి. టైరు పేలి ఒక వ్యాన్ బోల్తాపడి ఒకరు పోయారు, టైరు తయారీలోనే లోపముందని చెప్పడానికి వచ్చినాయన మెకానికల్ ఇంజినీరింగులో మాస్టర్స్ చేసి, మిషెలిన్ అనే టైర్ల కంపెనీలో పదేళ్లు పనిచేసినవాడు. అర్హతల్ని ఎవరూ కాదనలేదు. టైరుని కళ్లతో చూసి, చేత్తో తడిమి చెప్పాడు. మరి ఇదెన్ని మైళ్లు తిరిగింది అని అడిగితే, 10 వేలు దాటిందో, 20 దాటిందో, 50 వేలే దాటిందో కచ్చితంగా చెప్పలేకపోయాడు. ఆయన చూసింది చేత్తో తడిమితే లోపం తెలిసిపోయే టైరు, కానీ తడిమితే మైళ్లు తెలియవు. సాక్ష్యం పక్కన పెట్టడం సబబేనని కోర్టు తేల్చింది, అంతకుముందు శాస్త్రవేత్తల సాక్ష్యానికి పెట్టిన జల్లెడనే ఇంజినీర్ల సాక్ష్యానికీ పెట్టింది.

అప్పట్నుంచి మనవాడి ప్రొఫైల్లో ఒక లైను కొత్తగా చేరింది, "నా సాక్ష్యాన్ని ఏ కోర్టూ ఇప్పటిదాకా తోసిపుచ్చలేదు" అని. మిగతాది ఫెడరల్ కోర్టు రూలే రాయిస్తుంది. గత పదేళ్లలో ఏం ప్రచురించావు, గత నాలుగేళ్లలో ఏయే కేసుల్లో సాక్ష్యం చెప్పావు, ఈ కేసుకి ఎంత తీసుకుంటున్నావు, అన్నీ రిపోర్టులో ఇవ్వాలి. సీలు కొట్టిన ఏసీ డక్టుల్లో ఎన్నిట్లోంచి గాలొస్తోందో మాత్రం అడగరు, కాబట్టి ఆయనా రాయడు.