బూట్లకూ మెజారిటీ కావాలి

ప్రజాస్వామ్యంలో మెజారిటీకి ఉన్న విలువ మన అసెంబ్లీలకన్నా, ఆ మాటకొస్తే అమెరికా కాంగ్రెస్‌కన్నా బాగా తెలిసిన సంస్థ ఒకటుంది. దాని పేరు మేజర్ లీగ్ బేస్‌బాల్, అమెరికాలో బేస్‌బాల్ నడిపే పెద్ద లీగ్. 2018 సీజన్ దాకా అక్కడ ఒక నియమం అమల్లో ఉండేది. ఆటగాడి బూటు మీద కనీసం 51 శాతం అతని జట్టు అధికారిక రంగే కనిపించాలి. యాభై శాతం చాలదు. యాభై అంటే హంగ్. యాభై ఒకటికి చేరితేనే ఆ బూటు మీద జట్టు సర్కారు నిలబడినట్టు లెక్క.

ఇది విని నవ్వేవాళ్లకు పరిపాలన అంటే ఏమిటో తెలియదు. పాదుకలకు పట్టాభిషేకం చేసిన కథ వింటూ పెరిగిన మనమైనా కాస్త గంభీరంగా ఆలోచించాలి. రాజ్యం బూట్ల మీద ఆధారపడటం మనకు కొత్త కాదు కదా.

ఇంతకీ ఈ బూట్లను అక్కడ క్లీట్స్ అంటారు, పాతవాళ్లు స్పైక్స్ అంటారు. ప్రొఫెషనల్ ఆటగాళ్లవైతే సాధారణంగా అడుగున లోహపు పళ్లుంటాయి. పరుగు కోసం బ్యాటర్ చుట్టి రావాల్సిన మజిలీలను బేస్‌లంటారు. ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి 90 అడుగులు. పులి తరుముతున్నట్టు ఆ దూరం పరిగెత్తి, చివర్లో కాళ్లు ముందుకు చాచి మట్టిలో జారుకుంటూ వెళ్లి బేస్‌ని తాకాలి. పళ్లు లేని బూటుతో ఆ పని చేస్తే బేస్ బదులు ఆసుపత్రి చేరతారు. కాబట్టి పళ్లు అవసరం. వాటి గురించి రూల్ బుక్‌లో ఉన్నది కొద్దిపాటి మాటే: గోల్ఫ్ బూట్లకో పరుగు పందెం బూట్లకో ఉన్నట్టు మొనదేలిన పళ్లు ఉండకూడదు, మామూలు ప్లేటు తప్ప మడమకీ ముందుకీ ఇంకేదీ తగిలించకూడదు. ఎదుటివాడి పిక్క చీల్చగల భాగం కథ అంతటితో సరి. ఎవరికీ ఏ హానీ చెయ్యని రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం శాతాలు వచ్చాయి.

ఆ శాతాల వెనక ఎంత శ్రమ ఉంటుందో ఊహించండి. బూటంటే ఒక్క ముక్క కాదు. మడమ, ముందు భాగం, పక్కలు, నాలుక, లేసులు, అడుగు. వీటిలో ఓటుహక్కు ఎవరికి? లేసులు ఏ పక్షం? వాటిని స్వతంత్రులుగా వదిలెయ్యాలా, విప్ జారీ చెయ్యాలా? పక్కన తెల్లగా, పెద్దగా కూర్చున్న కంపెనీ గుర్తు సంకీర్ణంలో భాగస్వామా, బయటి నుంచి మద్దతిస్తోందా? మూడో ఇన్నింగ్స్‌లో మట్టి కొట్టుకుపోయి ఎర్ర బూటు కాస్తా గోధుమరంగుకి మారితే అది ఫిరాయింపు కిందికి వస్తుందా? ఏడాదికి 162 ఆటలు, 30 జట్లు. నన్నడిగితే ప్రతి స్టేడియంలో ఒక స్పీకర్‌ని నియమించాల్సింది.

2018 మే నెలలో ఈ నియమం కోరలు చూపించింది. షికాగో కబ్స్ ఆటగాడు బెన్ జోబ్రిస్ట్‌కి లీగ్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఈయన సామాన్యుడు కాదు. 108 ఏళ్లు టైటిల్ కోసం మొహం వాచిపోయిన కబ్స్ 2016లో లీగ్ తుది పోరైన వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆ సిరీస్‌కి అత్యంత విలువైన ఆటగాడు ఈయనే. అలాంటి మనిషి చేసిన నేరం నల్ల బూట్లు వేసుకోవడం. మెరుపుల బూట్లు కాదు, బొమ్మల బూట్లు కాదు, ఉత్త నల్ల బూట్లు. అదీ సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో, పగటిపూట ఆటలకు మాత్రమే. ఎర్నీ బ్యాంక్స్, స్టాన్ మ్యూజియల్ కాలం నాటి నల్ల బూట్లంటే చిన్నప్పటి నుంచీ ఇష్టమని, ఆ పాతకాలానికి గౌరవంగా వేసుకుంటున్నానని చెప్పుకున్నాడు. మళ్లీ వేసుకుంటే జరిమానా, క్రమశిక్షణ చర్య తప్పవని ఉత్తరం చెప్పింది.

రిగ్లీ ఫీల్డ్ 1914లో కట్టిన స్టేడియం. అక్కడ ఫ్లడ్‌లైట్లు వెలిగిందే 1988లో. అప్పటిదాకా కబ్స్ సొంత ఊళ్లో ఆడిందంతా ఎండలోనే. అలాంటి చోట, పగటిపూట, తాతల నాటి రంగు బూటు వేసుకున్న మనిషిని సంప్రదాయం కాపాడే నియమం పట్టుకుంది. సంప్రదాయాన్ని ఎవరు పాటించినా సహించేది లేదన్నమాట.

సరిగ్గా అదే రోజుల్లో క్లీవ్‌లాండ్ పిచర్ (బంతి విసిరేవాడు) మైక్ క్లెవింజర్‌కీ అలాంటి హెచ్చరికే అందింది. ఆయనది పూర్తిగా వేరే కేసు. ఒక చిత్రకారుడితో రంగురంగుల బొమ్మలు వేయించుకున్న బూట్లు ఆయనవి. ఒకాయన బూట్లలో రంగే లేదు, ఇంకొకాయన బూట్లలో లేని రంగు లేదు. ఇద్దరూ దోషులే. నిష్పక్షపాతం అంటే ఇదీ.

ఇక్కడ బూట్ల మీద బొమ్మలు వేసేవాళ్ల గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా పని చేసేది వాళ్లే. ముందు ఎసిటోన్‌లో ముంచిన దూదితో ఫ్యాక్టరీ మెరుపంతా తుడిచెయ్యాలి. తుడవకపోతే రంగు అంటదు. రంగు పడకూడని చోట మాస్కింగ్ టేప్ అంటించాలి. తోలు కోసమే తయారైన యాక్రిలిక్ రంగు తీసుకుని, పల్చగా, పొర మీద పొర వెయ్యాలి, ప్రతి పొరా ఆరాక ఇంకోటి. ఒకేసారి మందంగా పూస్తే బూటు వంగే చోట పగుళ్లిస్తుంది. ముఖాలు, నీడలు కావాలంటే ఎయిర్‌బ్రష్ తీయాలి. చివర్లో అన్నిటికీ పైన రక్షణగా ఒక ఫినిషర్ పూత. ఇంత తపస్సు చేసి కూతురి ముఖమో, అమ్మమ్మ పేరో, పుట్టిన దేశం జెండానో వేసి ఇస్తే ఆటగాడు దాన్ని తొడుక్కుని మొదటి ఇన్నింగ్స్‌లోనే రెండో బేస్ మీదికి జారతాడు. ముక్కు దగ్గర గీరుకుపోతుంది. ఆ చిత్రకారుడు టీవీ ముందు కూర్చుని జట్టు గెలవాలని కోరుకుంటాడో, మనవాడు ఔటై కూర్చుంటే బాగుండునని కోరుకుంటాడో అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

లీగ్ భయం అర్థరహితం అనుకోకండి. బూటు రంగు ఈ ఆటలో ఎంత పని చేస్తుందో చరిత్ర చెబుతుంది. 1969 అక్టోబర్ 16, వరల్డ్ సిరీస్ అయిదో ఆట, న్యూయార్క్ మెట్స్ మీద బాల్టిమోర్ 3-0 ఆధిక్యంలో ఉంది. ఆరో ఇన్నింగ్స్‌లో డేవ్ మెక్‌నాలీ విసిరిన బంతి కిందుగా వచ్చి మెట్స్ బ్యాటర్ క్లియాన్ జోన్స్ పాదం పక్క నుంచి మెట్స్ ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లోకి దొర్లింది. బంతి ఒంటికి తగిలితే బ్యాటర్‌కి మొదటి బేస్ ఇచ్చేస్తారు. తగల్లేదన్నాడు అంపైర్ లూ డిమ్యూరో. అప్పుడు మెట్స్ మేనేజర్ గిల్ హాడ్జెస్ తొణక్కుండా బెణక్కుండా బంతి పట్టుకుని బయటికి నడిచొచ్చి అంపైర్‌కి చూపించాడు. బంతి మీద నల్లటి బూట్ పాలిష్ మరక. అంపైర్ మాట మార్చుకున్నాడు. జోన్స్ మొదటి బేస్‌కి వెళ్లాడు, తర్వాతి బ్యాటర్ డాన్ క్లెండెనన్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు, మెట్స్ 5-3తో గెలిచి తమ మొట్టమొదటి టైటిల్ అందుకుంది. ఆ మరక అసలు జోన్స్ బూటుదే కాదని, డగౌట్‌లో హాడ్జెస్ చెబితే తానే బంతిని తన బూటుకేసి రుద్దానని మెట్స్ పిచర్ జెర్రీ కూస్మన్ చాలా ఏళ్ల తర్వాత చెప్పుకొచ్చాడు. అది వేరే సంగతి.

ఇప్పుడు ఆలోచించండి. ఆ రోజు జోన్స్ కాలికి కస్టమ్ బూటుంటే? యాక్రిలిక్ రంగు, పైన ఫినిషర్. బంతి తగిలినా మరక అంటేది కాదు. అసలు సాక్ష్యమే ఉండేది కాదు. అందంగా కనిపించే ప్రతిదీ వెనక ఒక టైటిల్‌ని మింగుతుందని పెద్దలు ఊరికే భయపడరు. ఇప్పుడు వీడియో రీప్లే ఉంది కదా అంటారేమో. ఉంది. అది చూడటానికి టైమ్ పడుతుంది. హాడ్జెస్‌కి పట్టింది పది అడుగులే.

మెట్స్ గెలుపుకి రెండేళ్ల ముందు, 1967లో, కాన్సస్ సిటీ అథ్లెటిక్స్ యజమాని చార్లీ ఫిన్లీ తన జట్టు మొత్తానికి కంగారూ తోలుతో చేసిన తెల్ల బూట్లు తొడిగాడు. అప్పటికి నల్ల బూటు తప్ప ఇంకో బూటు ఎరగని ఆట అది. జనం నవ్వారు. జట్టు ఓక్లాండ్‌కి మారాక 1972లో ఇదే ఫిన్లీ మీసం పెంచిన ఆటగాడికి తలా 300 డాలర్లిచ్చాడు. ఆ ఏడాది, మరుసటి ఏడాది, ఆపై ఏడాది కూడా వరల్డ్ సిరీస్ వాళ్లదే. బూట్లకూ మీసాలకూ టైటిళ్లకూ ఉన్న ఈ సంబంధం మీద ఎవరూ పరిశోధన చెయ్యకపోవడం విచారకరం.

సరే, ఉత్తరాల గొడవకి వద్దాం. ఆటగాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో లీగ్ పరువు తీశాక, 2018 నవంబర్‌లో లీగ్, ఆటగాళ్ల యూనియన్ కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. 2019 నుంచి నలుపు, తెలుపు, బూడిద, జట్టు యూనిఫామ్‌లో ఉన్న ఏ రంగైనా సరే. 51 శాతం మెజారిటీ అవిశ్వాస తీర్మానమేదీ లేకుండానే పడిపోయింది.

స్వేచ్ఛ ఇచ్చాక దాన్ని ఎలా వాడుకోవాలో నేర్పాల్సిన బాధ్యత కూడా లీగ్‌దే. 2017 నుంచి ఆగస్టులో ‘ప్లేయర్స్ వీకెండ్’ అని మూడు రోజుల పండగ చేసేవారు. వీపు మీద ముద్దుపేరు రాసుకోవచ్చు, రంగుల బూట్లు వేసుకోవచ్చు. ఎవరి వ్యక్తిత్వం వాళ్లు చూపించుకునే పండగ. బూట్లకు విముక్తి దొరికిన 2019లో ఆ పండక్కి లీగ్ ఏం చేసిందంటే, ఒక జట్టుకి తల నుంచి కాలి దాకా తెలుపు, రెండో జట్టుకి తల నుంచి కాలి దాకా నలుపు తొడిగింది. తెల్ల చొక్కా మీద తెల్ల అక్షరాలతో ముద్దుపేరు. చదవాలంటే తడిమి చూడాలి. ఇంతలో ఇంకో చిక్కు. తెల్ల టోపీ పెట్టుకున్న పిచర్ చేతిలోంచి వచ్చే తెల్ల బంతి బ్యాటర్‌కి ఎలా కనబడుతుంది? అందుకని తెల్ల జట్టు పిచర్లకు మాత్రం నల్ల టోపీలు పెట్టారు. ఎవరి ప్రత్యేకత వాళ్లు చాటుకోండని చెప్పి అందరికీ ఒకే బట్టలిచ్చిన ఆలోచన ఎవరిదో గానీ, వాళ్లకి మన కార్పొరేట్ కాలేజీల్లో మంచి భవిష్యత్తుంది.

లీగ్‌ది చిన్న విషయాల పట్టింపే అనుకునేవాళ్ల కోసం పెద్ద విషయం కూడా చెబుతాను. 2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు సెంటర్‌ఫీల్డ్ కెమెరాతో ఏ బంతి వెయ్యాలో పిచర్‌కి చెప్పే ప్రత్యర్థి క్యాచర్ సైగలు దొంగతనంగా చూసి, డగౌట్ పక్కన చెత్తడబ్బా మీద దరువేసి తమ బ్యాటర్‌కి రాబోయే బంతి ఏమిటో చెప్పింది. ఆ ఏడాది టైటిల్ కూడా గెలిచింది. 2020 జనవరిలో తీర్పొచ్చింది. మేనేజర్, జనరల్ మేనేజర్ ఏడాది సస్పెన్షన్, క్లబ్‌కి 50 లక్షల డాలర్ల జరిమానా. దరువేసిన ఆటగాళ్లకు నోరు విప్పినందుకు క్షమాభిక్ష, ఒక్కరికీ ఒక్క ఆట శిక్ష లేదు. టైటిల్ కూడా వాళ్ల దగ్గరే ఉంది. అదే ఏడాది జూలైలో డాడ్జర్స్ పిచర్ జో కెల్లీ ఆ బ్యాటర్ల వైపు బంతులు విసిరి, మూతి విరిచి వెక్కిరించాడు. ఎనిమిది ఆటల సస్పెన్షన్, అప్పీలు చేస్తే అయిదు. ఆగస్టులో సిన్సినాటి పిచర్ ట్రెవర్ బావర్ ‘జో కెల్లీని వదిలెయ్యండి’ అని రాయించిన బూట్లు తయారు పెట్టుకున్నాడు. వేసుకుంటే చర్య తప్పదని లీగ్ హెచ్చరించిందని ఆయనే చెప్పాడు. బూట్లు మైదానంలో దిగలేదు.

టైటిల్ వెనక్కి ఎందుకు తీసుకోలేదని అడిగితే కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్ ఆ ట్రోఫీని ఒక లోహపు ముక్కగా తీసిపారేశాడు. తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడనుకోండి. క్షమాపణ అక్కర్లేదు. లోహపు ముక్క ట్రోఫీ రూపంలో ఉంటే పట్టించుకోనక్కర్లేదు, బూటు కింద ఉంటే మాత్రం దాని పైనున్న తోలు ఏ రంగో చూడాలి. ఇందులో గందరగోళమేముంది?

అలా చూస్తే ఇప్పుడు కాలం మారింది. 2024 ఆగస్టు 28న డాడ్జర్స్ స్టేడియంలో ఆ జట్టు స్టార్ షోహెయ్ ఒతానీ పెంపుడు కుక్క డెకాయ్, ఆటకు ముందు లాంఛనంగా వేసే మొదటి బంతిని నోట కరుచుకుని వచ్చి యజమానికి అందించింది. ఆ రోజు ఒతానీ బూట్ల మీద కూడా ఆ కుక్క బొమ్మే. ఆట మొదలవగానే హోమ్ రన్, ఆపై రెండు బేస్‌ల దొంగతనం, అంటే బంతి కొట్టకుండానే ముందు బేస్‌కి పరిగెత్తి చేజిక్కించుకోవడం. కాపలా కుక్కని కాలికి కట్టుకుని దొంగతనం చెయ్యడం ప్రపంచ చరిత్రలో ఇదే మొదటిసారి కావచ్చు. లీగ్ కోప్పడలేదు సరికదా, మురిసిపోయింది. ఆ వీడియో ఎన్ని దేశాల ఫోన్లలో తిరిగిందో చూశాక ఏ కమిషనరైనా బొమ్మల బూట్లను ప్రేమించడం నేర్చుకుంటాడు.

చివరిగా బూట్లు లేనివాడి మాట. జో జాక్సన్ దక్షిణ కరోలినా మిల్లు కార్మికుడు. కుర్రతనంలో ఒకసారి కొత్త బూట్లు కరిచి పాదాలు బొబ్బలెక్కితే మేజోళ్లతోనే ఆడాడు. దాంతో ‘షూలెస్ జో’ అనే పేరు జీవితాంతం అంటుకుంది. 1919 వరల్డ్ సిరీస్ అమ్ముడుపోయిన వ్యవహారంలో డబ్బు తీసుకున్నానని గ్రాండ్ జ్యూరీ ముందు చెప్పాడు, కోర్టు విచారణలో నిర్దోషిగా బయటపడ్డాడు, అయినా 1921లో అప్పటి కమిషనర్ లాండిస్ జీవితకాలం నిషేధించాడు. 1951లో పోయాడు. పోయాక కూడా నిషేధం కొనసాగింది. 2025 మే నెలలో గానీ ఎత్తెయ్యలేదు. జోబ్రిస్ట్ బూట్లకు ఉత్తరం వచ్చిన ఆరు నెలల్లో న్యాయం జరిగింది. బూట్లు లేని జో ఫైలు కదలడానికి 104 ఏళ్లు పట్టింది.

ఇప్పుడాయన పేరు బేస్‌బాల్ దిగ్గజాల గౌరవశాల అయిన హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ ముందుకు 2027 డిసెంబర్‌లో రావచ్చంటున్నారు. ఎంపికైనా పేచీ పెట్టడానికి ఏమీ దొరకదు. ఆ హాల్ ఉన్న కూపర్స్‌టౌన్‌లో పెట్టే కంచు ఫలకం మీద తల, టోపీ వరకే పోత పోస్తారు, కాళ్ల దాకా రారు.